బొగ్గు పోతుంది సరే, పెత్తనం ఎవరిది?

విశాఖకు దగ్గర్లో అచ్యుతాపురం దాటి పూడిమడక వైపు వెళితే సముద్రానికి దగ్గర్లో 1,200 ఎకరాల భూమి వస్తుంది. మొదట ఆ భూమి మీద కన్నేసింది బొగ్గు కోసం. ఒక్కోటి వెయ్యి మెగావాట్ల చొప్పున నాలుగు యూనిట్లతో 4,000 మెగావాట్ల థర్మల్ కేంద్రం కడతామని కేంద్ర ప్రభుత్వ విద్యుత్ సంస్థ ఎన్టీపీసీ అప్పట్లో చెప్పింది. అది కాగితాల మీదే ఆగిపోయింది. 2025 జనవరి 8న ప్రధాని నరేంద్ర మోదీ విశాఖ వచ్చి, అదే పూడిమడకలో అదే ఎన్టీపీసీ కుటుంబంలోని సంస్థ తలపెట్టిన గ్రీన్ హైడ్రోజన్ (ఎండ, గాలి కరెంటుతో నీటి నుంచి తీసే హైడ్రోజన్) హబ్‌కు శంకుస్థాపన చేశారు. పెట్టుబడి 1.85 లక్షల కోట్ల రూపాయలు. రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్, దాన్నుంచి మిథనాల్, యూరియా, విమాన ఇంధనం లాంటివి 7,500 టన్నులు తీస్తామన్నది లెక్క. సరుకులో ఎక్కువ భాగం ఎగుమతి మార్కెట్ కోసమేనని కేంద్రం అప్పుడే చెప్పింది.

బొగ్గు రాకుండా పోయి హైడ్రోజన్ రావడం మంచిదే. ఆ మాట ముందే చెప్పుకోవాలి. అయితే భూమి ఎవరి చేతికి పోయింది, నీళ్లు ఎక్కడివి, సరుకు ఎవరికి చేరుతుంది, వేటకు పోయే మత్స్యకారుణ్ని ఎవరైనా ముందుగా అడిగారా అని ఒక్కో ప్రశ్నా వేసుకుంటూ పోతే, ఆ రెండు ప్రతిపాదనల మధ్య తేడా చాలా చిన్నదైపోతుంది. ఇంధనం మారినంత తేలిగ్గా పెత్తనం చేతులు మారదు.

బొగ్గు, చమురు మీద నడిచే వ్యవస్థ నుంచి ఎండ, గాలి మీద నడిచే వ్యవస్థకు మళ్లడాన్ని మన దగ్గర ఎక్కువగా ఇంజినీర్ల కథలాగే చెబుతారు. ప్యానెల్ చవకైంది, బ్యాటరీ వచ్చేసింది, ఇక మారడమే తరువాయి అంటారు. నిజంగా పని అంత సులువైతే ప్యానెల్ ధర పడిపోయిన ఏడాదే బొగ్గు వ్యాగన్లు ఆగిపోవాలి. ఆగలేదు. ఎందుకు ఆగలేదో చెప్పడానికి పండితులు రకరకాల మాటలు వాడారు. గ్రెగరీ అన్రూ అనే పరిశోధకుడు 2000లో దీన్ని కర్బన బంధనం అన్నాడు. యంత్రం, దాని కోసం తెచ్చిన అప్పు, దాని చుట్టూ రాసుకున్న చట్టం, దాని మీద బతికే ఉద్యోగాలు ఒకదానికొకటి ముడిపడి దేన్నీ విడిగా కదలనివ్వవని ఆయన వాదన. అధికారం గురించి స్టీవెన్ లూక్స్ 1974లో చెప్పినది ఇంకా లోతుకు పోతుంది. బల్ల దగ్గర కూర్చుని నిర్ణయం తీసుకోవడం అధికారంలో ఒక ముఖం. ఏ విషయం ఆ బల్ల మీదకు రావాలో ముందే తేల్చడం రెండో ముఖం. తమకు కావలసింది ఏమిటని జనం అనుకోవాలో కూడా తేల్చగలగడం మూడోది. విశాఖలో ఈ మూడూ కనిపిస్తాయి. అన్నిటికంటే బాగా కనిపించేది ఉక్కు దగ్గర.

గని లేని కొలిమి

విశాఖ నుంచి అరకు రైలెక్కిన వాళ్లంతా కిటికీలోంచి సొరంగాలు, లోయలు చూస్తారు. ఏదో ఒక స్టేషన్లో బండి పక్కకు ఆగుతుంది. పక్క పట్టా మీద ఇనుప ఖనిజం నింపుకొన్న గూడ్సు మెల్లగా దిగుతుంటుంది. వ్యాగన్ల అంచులకు ఎర్రటి పొడి అంటుకుని ఉంటుంది. లెక్కపెట్టడం మొదలెట్టిన పిల్లలు మధ్యలోనే విసిగి మానేసేంత పొడుగు. కొత్తవలస-కిరండూల్ లైను 1960ల్లో వేసిందే ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఖనిజాన్ని విశాఖ రేవు చేర్చి జపాన్‌కు పంపడానికి. ఖనిజం ఊరి మీదుగా ఓడెక్కి పోతుంటే ఇక్కడ కొలిమి ఎందుకు ఉండకూడదని జనం అడిగారు. 1966లో 'విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు' అన్న నినాదానికి 32 మంది ప్రాణాలిచ్చారు. 1970 ఏప్రిల్ 17న ఇందిరా గాంధీ పార్లమెంటులో ప్రకటన చేశారు. మరుసటి ఏడాది జనవరి 20న శంకుస్థాపన జరిగింది. కర్మాగారం జాతికి అంకితమైంది మాత్రం 1992 ఆగస్టు 1న.

కొలిమి అయితే వచ్చింది గానీ గని రాలేదు. ఇవాళ ఏటా 73 లక్షల టన్నుల సామర్థ్యం, గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్న మూడు బ్లాస్ట్ ఫర్నేసులు ఉన్నా విశాఖ ఉక్కుకు సొంత ఇనుప గని లేదు. టాటాకు ఉంది, సెయిల్‌కు ఉంది. విశాఖ ఉక్కు మాత్రం ఖనిజాన్ని కేంద్ర ప్రభుత్వ గనుల సంస్థ ఎన్‌ఎండీసీ దగ్గర మార్కెట్ ధరకు కొంటుంది, కొలిమికి కావలసిన కోకింగ్ బొగ్గును విదేశాల నుంచి తెచ్చుకుంటుంది. మరోపక్క కిరండూల్ నుంచి విశాఖ దాకా 267 కిలోమీటర్ల గొట్టంలో ఖనిజాన్ని బురద రూపంలో పంపే ఏర్పాటు ఒకటుంది. అది ఒకప్పుడు ఎస్సార్‌ది, ఇప్పుడు ఆర్సెలర్ మిత్తల్ నిప్పన్ స్టీల్‌ది. అదే సంస్థ ఇప్పుడు నక్కపల్లి దగ్గర కొత్త ఉక్కు కర్మాగారం కట్టబోతోంది.

పర్యావరణానికీ దీనికీ ఏం సంబంధం అనిపించవచ్చు. సంబంధమంతా ఇక్కడే ఉంది. బ్లాస్ట్ ఫర్నేసు లోపలి ఇటుక పొరను పదిహేను ఇరవై ఏళ్లకోసారి మార్చాలి. భారీ ఖర్చయ్యే ఆ సమయంలోనే అసలు ఎంపిక ముందుకొస్తుంది. మళ్లీ ఇటుక వేసుకుని మరో రెండు దశాబ్దాలు బొగ్గుతో నడవడం ఒక దారి. వేరే పద్ధతికి మారడం ఇంకో దారి. హైడ్రోజన్‌తో ఖనిజాన్ని శుద్ధి చేసి విద్యుత్ ఆర్క్ కొలిమిలో కరిగించే పద్ధతి సాంకేతికంగా తెలిసినదే. తెలియనిదల్లా డబ్బు ఎక్కడిదన్నదే. ఏటా ఖనిజం కొనుగోలుకే లాభమంతా కరిగిపోయే సంస్థ దగ్గర ఆ డబ్బు మిగలదు. గని కేటాయింపు ఢిల్లీలో జరిగే రాజకీయ నిర్ణయం. ఆ ఒక్క నిర్ణయం దశాబ్దాలుగా వాయిదా పడినందుకు విశాఖ ఉక్కు పచ్చబడే దారి కూడా మూసుకుపోయింది.

2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ ఆర్థిక వ్యవహారాల సంఘం విశాఖ ఉక్కులో నూటికి నూరు శాతం వాటాల అమ్మకానికి ఆమోదం తెలిపింది. కూర్మన్నపాలెంలో కార్మికులు దీక్షా శిబిరం వేశారు. అది వెయ్యి రోజులు దాటినా లేవలేదు. 2024లో ఒక దశలో మూడు కొలిముల్లో ఒక్కటే మండుతున్న స్థితి. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించారు. ఊపిరి ఆడుతుందని ఊరంతా సంతోషించింది, అందులో తప్పు లేదు. అయితే ఆ ప్యాకేజీ పెట్టుకున్న లక్ష్యం మూడు బొగ్గు కొలిములనూ మళ్లీ వెలిగించడం. కొలిమి తీరు మార్చడం గురించి ఎవరూ అడగలేదు. బతికుంటే చాలన్న స్థితికి నెట్టబడ్డ సంస్థ అంతకు మించి అడగజాలదు. అడగదగిన ప్రశ్న బల్ల మీదకే రాకుండా పోవడమంటే ఇదే. లూక్స్ చెప్పిన రెండో ముఖం పాతికేళ్లుగా గాజువాక కళ్లముందే ఉంది.

ఈలోగా బయటి ప్రపంచం ఆగి చూడటం లేదు. టన్ను ఉక్కుకు 2.2 టన్నుల కంటే తక్కువ కార్బన్ డయాక్సైడ్ వెలువడితేనే గ్రీన్ స్టీల్ అంటామని కేంద్ర ఉక్కు శాఖ 2024 డిసెంబరులో నిర్వచనం ఇచ్చింది. యూరప్ సరిహద్దు దగ్గర కార్బన్ పన్ను 2026 జనవరి 1 నుంచి అసలు దశలోకి వచ్చింది. పూడిమడకలో తీయబోయే హైడ్రోజన్ సముద్రం దాటి పోబోతుంటే, రోడ్డు మీద గంట దూరంలో ఉన్న ఉక్కు కొలిమి సముద్రం దాటి వచ్చే బొగ్గును మండిస్తుంది. ఈ రెంటినీ కలపాలన్న ఆలోచన సాంకేతికంగా కష్టమైనదే, ఖర్చుతో కూడినదే. అయినా దాని మీద కనీసం బహిరంగంగా చర్చ జరగాలి. రెండూ ప్రభుత్వ రంగ సంస్థలే కదా!

కార్మికుల మాట ఇక్కడ మర్చిపోకూడదు. న్యాయమైన మార్పు అన్న భావన పుట్టింది పర్యావరణ సదస్సుల్లో కాదు. దాన్ని ముందుకు తెచ్చింది టోనీ మజ్జోకీ అనే అమెరికన్ చమురు, రసాయన కార్మిక నాయకుడు. ప్రమాదకర పరిశ్రమ మూతపడితే ఆ భారం కార్మికుడి నెత్తిన పడకూడదని ఆయన పట్టుబట్టాడు. విశాఖలో ఉక్కు ఉద్యోగి వెనుక యూనియన్ ఉంది, దీక్షా శిబిరం ఉంది. కాంట్రాక్టు కార్మికుడి మెడలో గేటు పాసు ఒక్కటే ఉంటుంది. కర్మాగారం కోసం భూములిచ్చిన నిర్వాసితుల్లో చాలామంది దగ్గర ఆర్ కార్డు ఉంది. ఉద్యోగం ఇస్తామన్న హామీకి గుర్తు అది. మడతలు పడి అంచులు అరిగిన ఆ కార్డును తండ్రి దాచి కొడుక్కిచ్చిన ఇళ్లు అగనంపూడి చుట్టుపక్కల ఇప్పటికీ ఉన్నాయి. పచ్చని పరిశ్రమ వస్తుంది, ఉద్యోగాలొస్తాయి అని ఎవరైనా చెప్పినప్పుడు ఆ ఇళ్లవాళ్లు వెంటనే నమ్మరు. వాళ్ల అనుమానాన్ని అజ్ఞానం కింద జమకట్టడం అన్యాయం.

ఒప్పందాల రాజ్యం

విద్యుత్తు సంగతికి వస్తే అధికారం కనిపించే రూపం వేరు. ఇక్కడ అది కాగితం మీద ఉంటుంది. డిస్కం, అంటే కరెంటు పంపిణీ సంస్థ, ఒక కంపెనీతో పాతికేళ్లకు కొనుగోలు ఒప్పందం, అంటే పీపీఏ, రాసుకుంటే ఆ పాతికేళ్లలో ఎన్ని ప్రభుత్వాలు మారినా జనం కట్టే బిల్లు దాని చుట్టూనే తిరుగుతుంది. థర్మల్ ఒప్పందంలో స్థిర ఛార్జీ అని ఒకటుంటుంది. కేంద్రం సిద్ధంగా ఉంటే చాలు, కరెంటు తీసుకున్నా తీసుకోకపోయినా అది కట్టాల్సిందే. మధ్యాహ్నం చవకైన సౌర విద్యుత్తు దొరికినా బొగ్గు కేంద్రానికి చెల్లింపు ఆగదు. అందుకే ఎండ చవకైనంత మాత్రాన బిల్లు తగ్గదు.

2019 నాటి గొడవ ఈ ఒప్పందాల బలాన్ని బయటపెట్టింది. అంతకుముందు ప్రభుత్వ హయాంలో పవన విద్యుత్తును యూనిట్‌కు 4.84 రూపాయలకు కొనడానికి ఒప్పందాలు జరిగాయి. జగన్మోహన్ రెడ్డి ప్రభుత్వం రాగానే 2019 జులై 1న వాటిని సమీక్షించడానికి కమిటీ వేసింది. 2.43 రూపాయలకు దిగిరావాలని కంపెనీలను అడిగింది. కంపెనీలు హైకోర్టుకెక్కాయి. జపాన్ రాయబారి నేరుగా ముఖ్యమంత్రికి లేఖ రాశారు. కేంద్ర ఇంధన శాఖ ఒప్పందాలు తిరగదోడవద్దని వారించింది. ఆ సెప్టెంబరులో సింగిల్ జడ్జి మధ్యంతరంగా తగ్గించిన ధరే చెల్లించమన్నారు. 2022 మార్చి 15న డివిజన్ బెంచ్ దాన్ని పక్కనపెట్టి, ఒప్పందంలోని ధర ప్రకారం బకాయిలు ఆరు వారాల్లో తీర్చమంది.

ఈ కథలో ఎవరిది తప్పో తేల్చడం కంటే ఒక విషయం గమనించడం ముఖ్యం. ఎక్కువ ధరకు కొన్నారన్న ఫిర్యాదులో నిజముంది. మధ్యలో ఒప్పందం మార్చితే రేపు ఎవరూ పెట్టుబడి పెట్టరన్న వాదనలోనూ నిజముంది. అయితే ఆ మూడేళ్లూ కోర్టులో, ఢిల్లీలో, రాయబార కార్యాలయంలో వినిపించిన గొంతుల్లో బిల్లు కట్టే మనిషి గొంతు లేదు. ధర నిర్ణయించినప్పుడూ అడగలేదు, తగ్గించబోయినప్పుడూ అడగలేదు, మళ్లీ పెంచినప్పుడూ అడగలేదు.

ఆ తర్వాత 2021 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వ సౌర విద్యుత్ సంస్థ సెకీ ద్వారా యూనిట్ 2.49 రూపాయలకు 7,000 మెగావాట్ల సౌర విద్యుత్తు కొనుగోలుకు రాష్ట్ర డిస్కంలు ఒప్పందం చేసుకున్నాయి. అందులో లంచాలు చేతులు మారాయని అమెరికా అధికారులు 2024 నవంబరులో అభియోగాలు మోపారు. అదానీ గ్రూపు, వైఎస్సార్‌సీపీ రెండూ వాటిని ఖండించాయి. అవి నిజమా కాదా అన్నది న్యాయస్థానాలు తేల్చాల్సిన విషయం. తేలకముందే ఒకటి మాత్రం స్పష్టం. వేల మెగావాట్ల ఒప్పందం మూసిన తలుపుల వెనక జరిగినంత కాలం, అది సౌరశక్తి అయినా బొగ్గయినా, జనంలో అనుమానం పోదు. అనుమానం మీద కట్టిన మార్పు నిలవదు.

సీతమ్మధారలో తూర్పు ప్రాంత డిస్కం ప్రధాన కార్యాలయం ఉంది. నెలనెలా మీటర్ రీడర్ వచ్చి చేతి మిషన్ నుంచి చించి ఇచ్చే పల్చటి కాగితంలో వాడకం ఛార్జీ, కస్టమర్ ఛార్జీ, విద్యుత్ సుంకం, వాటి కింద సర్దుబాటు ఛార్జీ అని వరసలుంటాయి. చివరిదాన్ని జనం ట్రూఅప్ అంటారు. ఎప్పుడో ఖరీదుగా కొన్న బొగ్గు తాలూకు తేడాను ఇప్పుడు వసూలు చేసే వరస అది. చాలామంది మొత్తం అంకె చూసి కాగితాన్ని ఫ్రిజ్ మీద పెట్టేస్తారు. రాష్ట్ర విద్యుత్ విధానం మొత్తం ఆ ఒక్క వరసలో ఉందని చెబితే ఆశ్చర్యపోతారు.

మిద్దె మీద సౌర ఫలకాలకు పీఎం సూర్యఘర్ కింద మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల దాకా రాయితీ వస్తుంది. మంచి పథకం. సొంత మిద్దె ఉన్నవాళ్లకు. ఎంవీపీ కాలనీలో అపార్టుమెంటు పై అంతస్తు ఎవరిదో తేలక అసోసియేషన్ సమావేశాలు ఆగిపోతున్న చోట, అద్దెకుండే కుటుంబం ఉన్న చోట ఆ రాయితీ చేరదు.

ధూళి ఎవరి కిటికీలో

పాతనగరంలో, జ్ఞానాపురంలో పొద్దున్నే గడప కడిగి ముగ్గేసిన ఇంట్లో మధ్యాహ్నానికి గచ్చు మీద పాదాల గుర్తులు నల్లగా పడతాయి. రేవు నుంచి వచ్చే బొగ్గు, ఖనిజపు ధూళి అది. 1933లో మొదలైన రేవు, దాని పక్కనే రిఫైనరీ, జింకు, ఎరువులు, ఉక్కు అన్నీ ఒకే గిన్నెలాంటి లోయలో చేరాయి. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్కల్లో విశాఖ తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాకెక్కింది. 2010లో కొత్త పరిశ్రమల విస్తరణ మీద నిషేధం పెట్టారు. కొన్నేళ్లకే ఎత్తేశారు. 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ విషవాయువు లీకై 12 మంది చనిపోయేదాకా, ఆ ప్లాంటు ఏళ్లతరబడి పర్యావరణ అనుమతి లేకుండా నడిచిందన్న సంగతి ఊరికి తెలియదు. నియమం ఉండటం ఒకటి, దాన్ని అమలు చేయించగల బలం ఉండటం ఇంకొకటి.

మన్యంలో కొత్త కట్టలు

గాలి, ఎండ ఎప్పుడూ ఉండవు కాబట్టి విద్యుత్తును నిల్వ చేయాలి. అందుకు ఇప్పుడు అందరూ చూస్తున్నది పంప్డ్ స్టోరేజీ వైపు. కొండ మీద ఒక జలాశయం, కింద ఒక జలాశయం కడతారు. పగలు మిగిలిన సౌర విద్యుత్తుతో నీళ్లు పైకెక్కిస్తారు. సాయంత్రం వదిలి కరెంటు తీస్తారు. పెట్టిన కరెంటులో ముప్పావు వంతుకు కాస్త పైన తిరిగొస్తుంది. ఇంజినీరింగు పరంగా చక్కని పద్ధతి. ఎత్తైన కొండ, పక్కనే లోయ, నీళ్లు కావాలి. తూర్పు కనుమల్లో అవన్నీ ఉన్న చోట ఆదివాసులు కూడా ఉన్నారు.

అనంతగిరి మండలం పెదకోటలో పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టును అదానీ సంస్థకు ఇచ్చారు. చుట్టుపక్కల మరికొన్ని ప్రాజెక్టులు వేరే కంపెనీలకు దక్కాయి. అనంతగిరి మండలం పేరు న్యాయశాస్త్రం చదివినవాళ్లకు కొత్త కాదు. అక్కడి బొర్రా పంచాయతీ ఊళ్లలో గనుల లీజుల మీద సమత అనే సంస్థ వేసిన కేసులోనే 1997 జులైలో సుప్రీంకోర్టు చరిత్రాత్మక తీర్పు చెప్పింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతర ప్రైవేటు సంస్థలకు లీజుకివ్వకూడదని, ఆ విషయంలో ప్రభుత్వం కూడా గిరిజనేతర వ్యక్తి కిందే లెక్కని ఆ తీర్పు సారం. గిరిజన ప్రాంత భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1970 నాటి ఒకటో నంబరు భూబదలాయింపు నిబంధనకు ప్రాణం పోసిన తీర్పు అది. దాన్ని గెలిచింది డబ్బున్నవాళ్లు కాదు, కొండ ఊళ్ల రైతులు.

అప్పుడు గని, ఇప్పుడు జలాశయం. కొండ కింద కాల్సైటు తవ్వితే వద్దన్న చట్టం, అదే కొండ మీద నీళ్లు నిలబెడితే వర్తించదా? పర్యావరణ హితం అన్న పేరు పెట్టగానే గ్రామసభ అవసరం తగ్గిపోతుందా? పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో భూసేకరణకు ముందు గ్రామసభను సంప్రదించాలి. కానీ క్రమం తిరగబడుతోంది. ముందు జీవో వస్తుంది, తర్వాత సర్వే బృందం వస్తుంది, అది కూడా అయ్యాక ఊరికి తెలుస్తుంది. ఆదివాసులు సర్వే బృందాలను వెనక్కి పంపినప్పుడు వాళ్లను అభివృద్ధికి అడ్డంకి అనడం తేలిక. 1955లో మొదలైన మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు కోసం ఇదే మన్యం ఊళ్లు వదులుకుంది. ఆ కరెంటు విశాఖకు దిగింది. దాని పక్కనున్న ఎన్నో గూడేలు దశాబ్దాలపాటు కిరసనాయిలు దీపంతోనే గడిపాయి. ఆ జ్ఞాపకం ఉన్నవాళ్లు ఇంకో కట్టను చూసి భయపడటానికి ఎవరూ రెచ్చగొట్టనక్కర్లేదు.

నీళ్లు

2024 అక్టోబరు నాటి సమగ్ర క్లీన్ ఎనర్జీ విధానంలో రాష్ట్రం 160 గిగావాట్ల లక్ష్యం, పది లక్షల కోట్ల పెట్టుబడి, ఏడున్నర లక్షల ఉద్యోగాలు అని రాసుకుంది. 2025 అక్టోబరు 14న గూగుల్ విశాఖలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడితో డేటా సెంటర్ కేంద్రం పెడతామని ప్రకటించింది. గిగావాట్ స్థాయి కరెంటు, చల్లబరచడానికి నీళ్లు కావాలి. హైడ్రోజన్‌కూ నీళ్లే కావాలి. కిలో హైడ్రోజన్ తీయడానికి తొమ్మిది లీటర్ల శుద్ధమైన నీరు రసాయనిక చర్యకే పోతుంది, దాన్ని శుద్ధి చేసేటప్పుడు పోయేది, చల్లబరచడానికి పోయేది వేరు. ఒడ్డునే సముద్రముంది, ఉప్పు తీసి వాడవచ్చు. అప్పుడు మిగిలే చిక్కటి ఉప్పునీటిని మళ్లీ వదిలేది వేటకు పోయే నీళ్లలోకే. పరిశ్రమల వ్యర్థ జలాల గొట్టాల మీద పూడిమడక మత్స్యకారులు ఇదివరకే రోడ్డెక్కారు. వాళ్లకు గొట్టం అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు.

శారదా నది మీది రైవాడ జలాశయం నుంచి విశాఖకు తాగునీరు వస్తుంది. అది సాగుకోసం కట్టిన జలాశయం. ఆ నీళ్లు మాకు తిరిగివ్వండని దేవరాపల్లి వైపు రైతులు ఏళ్లుగా అడుగుతూనే ఉన్నారు. నగరానికి వేరే వనరు చూపిన తర్వాత ఇస్తామని వరుసగా వచ్చిన ప్రభుత్వాలు చెబుతూనే ఉన్నాయి. ఇప్పుడు రైవాడ దగ్గర కూడా పంప్డ్ స్టోరేజీ ప్రతిపాదన ఉంది. కంపెనీ చేతిలో జీవో ఉంది. రైతు చేతిలో, ప్రతి ఎన్నికకూ తేదీ మార్చి మళ్లీ రాసుకునే వినతిపత్రం ఉంది.